సర్వీసుకిచ్చిన బండి సరిగ్గా రాకపోతే ఏం చేయాలి

టూ వీలర్ సర్వీస్ సెంటర్లో కౌంటర్ దగ్గర కూర్చుని జాబ్ కార్డులు, అంటే ఏ బండికి ఏం పని చేయాలో రాసే కాగితాలు, రాయడం కొన్నేళ్ల పాటు నా ఉద్యోగం. పొద్దున బళ్లు తీసుకోవడం, సాయంత్రం తిట్లు తినడం. ఆ తిట్లలో చాలావరకు న్యాయమైనవే. కానీ న్యాయం తమ వైపున్నవాళ్లు కూడా ఉత్త చేతులతో వెళ్లిపోవడం రోజూ చూసేవాణ్ణి. వాళ్ల దగ్గర కోపం ఉండేది, కాగితం ఉండేది కాదు. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను కాబట్టి కౌంటర్ వెనక ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

మీరు బండి ఇచ్చేటప్పుడు మాట్లాడేది ఒకరితో, దాన్ని విప్పేది ఇంకొకరు. మీ మాట లోపలికి వెళ్లేది ఆ కార్డు మీద రాసినంత వరకే. "పికప్ లేదు, ఏదో సౌండ్ వస్తోంది, కొంచెం చూడండి" అని మీరంటే, వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు కాబట్టి నేను "జనరల్ సర్వీస్, సౌండ్ చెక్" అని రాసి తాళం తీసుకుంటాను. లోపల మెకానిక్ బండి స్టార్ట్ చేస్తాడు. నిలబెట్టిన బండిలో ఆ సౌండ్ రాదు. టిక్ పెట్టేస్తాడు. సాయంత్రం మీరొచ్చి "సౌండ్ అలాగే ఉంది కదండీ" అంటారు. కార్డు ప్రకారం మాత్రం పని అయిపోయింది, బిల్లు కూడా తయారైంది. గొడవ అక్కడ మొదలైనట్టు కనిపిస్తుంది గానీ, అది పొద్దున్నే మొదలైంది.

అందుకని మొదటి జాగ్రత్త మాటల్లోనే ఉంది. డాక్టర్ దగ్గర చెప్పినట్టు లక్షణం చెప్పండి, రోగం పేరు మీరు పెట్టకండి. "కార్బొరేటర్ క్లీన్ చేయండి" అంటే క్లీన్ చేసి డబ్బు తీసుకుంటారు. బండి అలాగే ఆగిపోతూ ఉంటే "మీరడిగింది చేశాం సార్" అంటారు, ఆ మాటలో తప్పు పట్టలేరు. అదే "పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుంది, పావుగంట నడిపి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు, చల్లారాక మామూలే" అని రాయిస్తే, కారణం కనిపెట్టే బాధ్యత వాళ్లది అవుతుంది. ఈ తేడాయే రేపు మీకు పనికొచ్చేది.

ఒకావిడ వచ్చేవారు, రిటైరైన టీచర్. సంచిలోంచి చిన్న నోట్‌బుక్ తీసి "బాబూ, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకో" అనేవారు. ఓసారి ఇలా రాయించారు: ముందు పక్క నుంచి ఊఁ అని మూలుగు లాంటి శబ్దం, 40 దాటాకే వస్తుంది, వేగంతో పాటు పెరుగుతుంది, క్లచ్ పట్టుకుని బండిని వదిలేసినా తగ్గదు, బ్రేక్‌తో సంబంధం లేదు. హెడ్ మెకానిక్ కార్డు చదివి ఇంజన్ జోలికే వెళ్లలేదు. ముందు చక్రం పైకి లేపి తిప్పాడు, తర్వాత చక్రం ఊడదీసి బేరింగ్‌లో వేలు పెట్టి తిప్పి చూశాడు. గరగరమంది. "మేడమ్ మనకి పని తగ్గించేశారు" అన్నాడు నాతో. ఇంజన్ వేగంతో మారే శబ్దం వేరు, చక్రం వేగంతో మారే శబ్దం వేరు. ఆ ఒక్క సంగతి గమనించి చెప్పగలిగితే అనవసరంగా ఇంజన్ విప్పించుకునే ప్రమాదం తప్పుతుంది.

బ్రేకుల సంగతి కూడా ఇంతే. "బ్రేక్ పట్టడం లేదు" అంటే పది కారణాలు ఉండొచ్చు. "లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది, రెండు మూడు సార్లు నొక్కితే గట్టిపడుతోంది" అంటే డిస్క్ బ్రేక్ లైన్‌లో గాలి చేరిందేమో అని మెకానిక్‌కి వెంటనే తడుతుంది.

కార్డు మీద ఇంకో రెండు మాటలు రాయించండి. ఒకటి, "ఎస్టిమేట్ దాటితే ఫోన్ చేసి అడిగాకే చేయాలి". రెండోది, "తీసేసిన పాత పార్టులు తిరిగి ఇవ్వాలి". ఈ రెండో మాట సాయంత్రం అడిగితే ప్రయోజనం ఉండదు, "చెత్తలో పడేశాం సార్" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. పొద్దున్నే కార్డు మీద ఉంటే, ఆ బండి పట్టే మెకానిక్‌కి ముందే తెలుస్తుంది వీళ్లు చూసుకునే మనుషులని. నిజం చెప్పాలంటే పాత పార్టు మీద మీకు వ్యామోహం ఉండక్కర్లేదు. అడగడం వల్లే సగం పని జరుగుతుంది. వారంటీ కింద మార్చిన పార్టును మాత్రం కంపెనీకి తిప్పి పంపాల్సి ఉంటుంది కాబట్టి మీకివ్వరు. అప్పుడు ఫొటో తీసుకోండి చాలు.

బండి ఇచ్చే ముందు ఫోన్ తీసి కిలోమీటర్ రీడింగ్, పెట్రోల్ ముల్లు, రెండు పక్కలా గీతలు, బ్యాటరీ మీది నంబరు, టైర్ల మీది నాలుగంకెల తేదీ ఫొటో తీసుకోండి. టైరు పక్కన గుండ్రటి గడిలో 3524 అని ఉంటే 2024లో 35వ వారం తయారైందని అర్థం. కొత్త టైరు వేయించుకున్నా ఇదే చూడాలి, ఏళ్ల తరబడి గోడౌన్‌లో ఉన్న టైరును కొత్తదని అంటగట్టడం ఉంది. స్పార్క్ ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ మార్పిస్తున్నారా? ఇంట్లోనే పర్మనెంట్ మార్కర్‌తో పాతవాటి మీద చిన్న చుక్క పెట్టండి. ఎయిర్ ఫిల్టర్‌ని గాలి కొట్టి దులిపి కొత్తదాని డబ్బు వేయడం ఈ వ్యాపారంలో చాలా పాత విద్య. చుక్క ఉందో లేదో చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

ఆయిల్ గురించి కూడా ఓ మాట. ఏ గ్రేడో మీ బండి మాన్యువల్లో ఉంటుంది, అది కార్డులో రాయించండి. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి కాబట్టి డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ అనో, ఎంఏ2 అనో ఉండాలి. గేర్లు లేని స్కూటర్లకు సాధారణంగా ఎంబీ. కార్లకు పోసే ఆయిల్ కొన్నింటిలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అది గేర్ల బండిలో పోస్తే క్లచ్ జారే అవకాశం ఉంది. సర్వీస్ అయ్యాక ఇంజన్ అరుస్తుంది గానీ బండి ముందుకు లాగడం లేదంటే, ఏ ఆయిల్ పోశారని అడగడం మొదటి ప్రశ్న.

ఇక బండి తెచ్చుకునే రోజు. వీలైతే వెలుతురు ఉండగా వెళ్లండి. షాపు మూసే వేళకి వెళ్తే వాళ్లకీ తొందర, మీకూ తొందర, ఆ చీకట్లో ఇంజన్ అడుగున ఆయిల్ తీసే డ్రెయిన్ బోల్ట్ కింద ఆయిల్ చుక్క మీకు కనపడదు. బండి తళతళ మెరుస్తూ ఉంటుంది. వాటర్ వాష్, పాలిష్ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. అందరి కన్నూ మొదట పడేది మెరుపు మీద అని షాపులకు తెలుసు. పాలిష్ కొట్టి, చైన్‌కి మాత్రం చుక్క ఆయిల్ వేయకుండా ఇచ్చిన బళ్లు నా కళ్ల ముందే గేటు దాటాయి. టైరు పక్కలకే కాక రోడ్డుకి ఆనే భాగానికి కూడా పాలిష్ పూసేవాళ్లుంటారు. అది జారుతుంది, తుడిపించాకే బండెక్కండి.

డబ్బు కట్టే ముందు ఈ పరీక్షలు చేయండి. పావుగంట కూడా పట్టదు.

అన్నిటికంటే మొదట బ్రేకుల సంగతి. కొత్త డిస్క్ ప్యాడ్లు వేసేటప్పుడు, ఆ ప్యాడ్లను నెట్టే బ్రేక్ పిస్టన్లను వెనక్కి నొక్కుతారు. ఆ తర్వాత లివర్‌ని చాలాసార్లు నొక్కితే గానీ అవి తిరిగి ప్యాడ్‌కి ఆనవు. మెకానిక్ ఆ పని మర్చిపోతే మీరు మొదటిసారి నొక్కినప్పుడు బ్రేకే ఉండదు, అది షాపు ముందు రోడ్డు మీద జరగొచ్చు. కాబట్టి బండి కదిలించకముందే ముందు బ్రేక్, వెనక బ్రేక్ నొక్కి గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. రెండిటికీ బ్రేక్ లైట్ వెలగాలి.

తర్వాత చైన్. రెండు స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ల చక్రాల) మధ్య, కింది వరసలో నడిమికి వేలు పెట్టి పైకీ కిందికీ ఆడించండి. మామూలు రోజువారీ బళ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్లో గానీ చైన్ దగ్గర స్టిక్కర్ మీద గానీ చూడండి. బిగుతుగా ఉంటే సౌండ్ రాదు కాబట్టి మీకు బాగున్నట్టే అనిపిస్తుంది, కానీ బేరింగులు తినేస్తుంది. వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే గీతలు ఒకే చోట ఉన్నాయా? తేడా ఉంటే చక్రం వంకరగా ఉందన్నమాట. ఇరుసు నట్టు చివర పిన్ను ఉండాల్సిన బండైతే ఉందా? చైన్ రెండు కొసలను కలిపే క్లిప్ లింక్ ఉంటే, ఆ క్లిప్ మూసి ఉన్న కొస చైన్ కదిలే దిశకు ఉండాలి. తిరగేసి పెడితే ఊడిపోయే ప్రమాదం ఉంది.

ఇంజన్ స్టార్ట్ చేసి స్లోలో ఉంచి హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పండి. ఏదో ఒక వైపు ఇంజన్ వేగం దానంతటదే పెరిగితే యాక్సిలరేటర్ వైరు తప్పు దారిలో లాగారని అర్థం. మలుపులో బండి మీ ప్రమేయం లేకుండా దూకుతుంది. సెకన్లలో అయిపోయే ఈ పరీక్ష చేసిన కస్టమర్ని నేను కౌంటర్లో ఉన్నన్నాళ్లూ చూసిన గుర్తు లేదు.

బోల్టుల తలలు చూడండి. అంచులు గుండ్రంగా అరిగి లోహం మెరుస్తుంటే సరైన పానా వాడలేదని తెలుస్తుంది. జపాన్ డిజైన్ బళ్లలో ప్లస్ ఆకారపు స్క్రూలకు చాలాచోట్ల జేఐఎస్ కొలత వాడతారు. మామూలు ఫిలిప్స్ స్క్రూ డ్రైవర్‌తో గట్టిగా తిప్పితే అది జారి గాడి తినేస్తుంది. సైడ్ ప్యానెల్స్‌కి అన్ని స్క్రూలూ ఉన్నాయో లెక్కపెట్టండి. లైట్లు, హారన్, టైర్లలో గాలి సంగతి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత బిల్లు లైను లైనుగా చదవండి. ఇక్కడ ఒక లోపలి రహస్యం. బిల్లులో "ట్యాపెట్ అడ్జస్ట్‌మెంట్" అనో, "వాల్వ్ క్లియరెన్స్" అనో ఉంటే, బండి ఎంతసేపు వాళ్ల దగ్గరుందో గుర్తు చేసుకోండి. వాల్వులంటే ఇంజన్‌లోకి గాలిని, బయటికి పొగను వదిలే మూతలు, ఆ రెండు మాటలకీ వాటి దగ్గరుండే సందు సరిచేయడమనే అర్థం. ఆ సందు మామూలుగా ఇంజన్ పూర్తిగా చల్లారాకే కొలవాలి. చాలా చిన్న ఇంజన్లలో ఆ సందు మిల్లీమీటర్‌లో పదో వంతుకు అటూఇటూగా ఉంటుంది, వేడికి లోహం వ్యాకోచిస్తే కొలత తప్పుతుంది. మీరు వేడి బండి ఇచ్చి, గంటలో తిరిగి తీసుకెళ్తే ఆ పని సరిగ్గా జరిగి ఉండదు. "ఫీలర్ గేజ్‌తో కొలిచారా? ఎంత పెట్టారు?" అని నెమ్మదిగా అడగండి, సందులో దూర్చి కొలిచే పలచటి రేకులే ఆ గేజ్. చేసినవాడు అంకె చెప్తాడు. చేయనివాడు పక్కవాడి వైపు చూస్తాడు.

దీనికి ఇంకో కోణం ఉంది, అది తెలియక నష్టపోయేవాళ్లే ఎక్కువ. ట్యాపెట్లు వదులుగా ఉంటే టిక్ టిక్ అని చప్పుడు చేస్తాయి. కస్టమర్ వచ్చి చప్పుడని గొడవ చేస్తాడు. కొందరు మెకానిక్‌లు ఆ గొడవ పడలేక ఉండాల్సిన దానికంటే బిగించేస్తారు. ఇంజన్ నిశ్శబ్దమైపోతుంది, కస్టమర్ మెచ్చుకుని వెళ్తాడు. కానీ సందు లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగం వదిలించుకునేది మూసుకుని సీటుకి, అంటే అది ఆనుకునే లోహపు అంచుకి, ఆనినప్పుడే. అది జరగక ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది, కొన్నాళ్లకి బండి స్టార్ట్ అవడం కష్టమవుతుంది, లాగుడు పోతుంది. అప్పటికి ఆ మెచ్చుకున్న సర్వీస్ ఎవరికీ గుర్తుండదు. కాబట్టి సర్వీస్ అయ్యాక కొద్దిగా టిక్ టిక్ వినిపిస్తే కంగారు పడకండి. పూర్తిగా మూగబోయి, స్టార్టింగ్ మొండికేస్తే అప్పుడు టెన్షన్ పడండి.

షాపు తప్పు కానివి ఇంకొన్ని కూడా ఉన్నాయి. కొత్త బ్రేక్ ప్యాడ్లు డిస్క్‌కి ఒరుసుకుని అమరేదాకా కొంచెం కీచుమనొచ్చు, పట్టు కూడా తక్కువగా ఉంటుంది. కొత్త టైరు మొదట్లో జారుతుంది, మొదటి 150 కిలోమీటర్లు వంపుల్లో జాగ్రత్తగా పోవాలి. ఇలాంటివి పట్టుకుని గొడవకు వెళ్తే అసలు ఫిర్యాదుతో వెళ్లినప్పుడు మీ మాట చెల్లదు. అయితే ఇవన్నీ ముందే చెప్పి పంపడం షాపు బాధ్యత. పాత స్ప్రాకెట్ల మీద కొత్త చైన్ వేసి, అది త్వరగా అరిగిపోతుందని చెప్పకపోవడం మాత్రం నా లెక్కలో తప్పే.

సరే, ఇంటికొచ్చాక తేడా కనిపించింది. ఏం చేయాలి?

బ్రేక్, హ్యాండిల్, చక్రం, ఇరుసు, వీటిలో ఏది అనుమానంగా ఉన్నా నడపడం ఆపేయండి. ప్రాణం సంగతి అలా ఉంచినా, "అన్ని కిలోమీటర్లు నడిపారు కదా సార్, అప్పుడు బాగానే ఉంది కదా" అనే మాటకి మీ దగ్గర జవాబు ఉండదు. వెంటనే రీడింగ్ కనిపించేలా ఫొటో, శబ్దం వినిపించేలా వీడియో తీయండి. స్టార్టింగ్ సమస్య అయితే పొద్దున మొదటి స్టార్ట్ తీయాలి. అదే రోజు షాపుకి మెసేజ్ పెట్టండి, రెండు వాక్యాలు చాలు. ఫోన్‌లో మాట్లాడితే మాట్లాడినట్టు రుజువు ఉండదు, కాబట్టి ఫోన్ చేసినా తర్వాత "ఇప్పుడు ఫోన్‌లో చెప్పినట్టు" అంటూ ఒక మెసేజ్ పడేయండి.

ఇంకో మెకానిక్‌తో విప్పించకండి. మన కోపంలో మొదట చేయాలనిపించేది అదే. ఇంకొకరి చెయ్యి పడిందంటే మొదటి షాపు చేతులు దులిపేసుకుంటుంది, నేనైనా అదే చేసేవాణ్ణి. విప్పకుండా చూసి కాగితం మీద అభిప్రాయం రాసిచ్చే మెకానిక్ దొరికితే మాత్రం అది బంగారం. ఊరు కాని ఊర్లో ఆగిపోయి వేరే దారి లేకపోతే, విప్పకముందు ఫొటో, విప్పుతుండగా ఫొటో, తీసిన పార్టు కవర్లో వేసి దాచుకోవడం, ఆ బిల్లు మీద వాళ్లేం చూశారో రాయించుకోవడం, ఇవి తప్పనిసరి.

షాపుకి ఎప్పుడు వెళ్తున్నారనేది కూడా ముఖ్యమే. తెరిచిన మొదటి గంటలో, మూసే ముందు గంటలో వెళ్తే మీ ఫిర్యాదు వినడానికి ఎవరికీ తీరిక ఉండదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కౌంటర్ ఖాళీగా ఉంటుంది, హెడ్ మెకానిక్ కూడా దొరుకుతాడు. కార్డు రాసిన మనిషినే కలవండి. అందరి ముందూ "మోసం చేశారు" అంటే ఆ క్షణం నుంచి అతను మీ బండి గురించి ఆలోచించడం మానేసి తన పరువు గురించి ఆలోచిస్తాడు. మా కౌంటర్ దగ్గర ఇలాంటి మాటలు పని చేసేవి:

"అన్నా, ఈ బిల్లులో వెనక బ్రేక్ షూ మార్చినట్టుంది. డబ్బు కట్టాను. పెడల్ ఇంకా కింది దాకా పోతోంది. మీరే ఓసారి ట్రయల్ వేసి చూడండి, నేనిక్కడే ఉంటా."

"సార్, పోను పోను సెట్ అవుద్ది."

"ఎన్ని కిలోమీటర్లకి సెట్ అవుతుందో కార్డు మీద రాసివ్వండి. అప్పటికీ కాకపోతే వస్తాను."

రాసివ్వమనగానే పరిస్థితి మారిపోయేది. నిజంగా సెట్ అయ్యేదైతే రాసిచ్చేవాళ్లం. కాకపోతే "ఉండండి సార్, లోపలికి పంపిస్తా" అనేవాళ్లం. గొంతు పెంచాల్సిన అవసరం ఉండేది కాదు.

ఏం కావాలో తేల్చుకుని వెళ్లండి. మళ్లీ ఉచితంగా చేయాలా, లేబర్ డబ్బు వెనక్కివ్వాలా, వాళ్ల చేతిలో విరిగిన పార్టు కొత్తది వేయాలా? ఒక్కటి అడగండి, తేదీతో అడగండి. మళ్లీ చేయడానికి ఒప్పుకుంటే కొత్త జాబ్ కార్డు తీయమనండి, దాని మీద పాత కార్డు నంబరు, "రిపీట్ కంప్లయింట్, లేబర్ లేదు" అని ఉండాలి. "కార్డెందుకు సార్, పది నిమిషాల్లో చేసిచ్చేస్తాం" అంటారు. ఆ తీపి మాటకి లొంగకండి. కార్డు లేకపోతే మీరు రెండోసారి వచ్చినట్టే లెక్కలో ఉండదు, మూడోసారి వచ్చినప్పుడు అదే మొదటిసారి అవుతుంది.

డ్రెయిన్ బోల్ట్ కథ మాత్రం వివరంగా చెప్పాలి. ఆయిల్ తీసే ఆ బోల్టు ఉక్కుది, అది దిగే ఇంజన్ అడుగు అల్యూమినియంది. మధ్యలో ఒక మెత్తటి వాషర్ ఉంటుంది, బిగించినప్పుడు నలిగి సీల్ అవడానికే అది ఉన్నది. చాలా బళ్లలో ప్రతిసారీ కొత్తది వేయాలి. పాతదే వేస్తే ఆయిల్ కారుతుంది. కారకుండా ఉండటానికి ఇంకాస్త బిగిస్తారు. చిన్న బళ్లకు ఆ బోల్టు 25 న్యూటన్ మీటర్ల (బిగింపు బలం కొలత) చుట్టూ బిగిస్తే చాలు, అది పొడుగు పానాతో లాగితే క్షణంలో దాటిపోయే బలం. ఇంకాస్త, ఇంకాస్త అంటూ చివరికి అల్యూమినియం మరలు బోల్టుతో పాటు ఊడొస్తాయి. ఇది ఎప్పుడు బయటపడుతుందంటే, తర్వాతి సర్వీసులో బోల్టు విప్పినప్పుడు. "మర పోయింది సార్, మేం విప్పేసరికే ఇలా ఉంది" అని ఫోనొస్తుంది. అంతకుముందు సర్వీసులన్నీ అక్కడే చేయించారా? ఆ బిల్లులు మీ దగ్గరుంటే ఒక్కటే మాట అడగండి: "దీన్ని చివరిసారి బిగించింది ఎవరు?"

రిపేరు ఎలా చేస్తారన్నది కూడా అడగాలి. సరైన పద్ధతిలో రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్త మర కోసి, లోపల ఉక్కు థ్రెడ్ ఇన్సర్ట్ వేస్తారు, పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది. హెలికాయిల్ అంటే చాలామంది మెకానిక్‌లకు తెలుస్తుంది. టేపు చుట్టి బిగించడం, గట్టిపడే మైనం లాంటిది పూయడం, లావు బోల్టు కొట్టి దించడం, ఇవన్నీ మిమ్మల్ని ఆ రోజుకి పంపించే మార్గాలు. ఆయిల్ అంతా ఎక్కడో దారిలో కారిపోయి ఇంజన్ పట్టేస్తే, బోల్టు ఖర్చు ఇంజన్ ఖర్చు అవుతుంది.

మాటలతో తేలకపోతే కాగితం రాయాలి. ఒక్క పేజీ. ఫలానా తేదీన బండి ఇచ్చాను, ఈ లక్షణం చెప్పాను, ఈ పనికి ఇంత కట్టాను, ఫలానా తేదీన ఇదే లక్షణం మళ్లీ వచ్చింది, నాకు ఇది కావాలి, ఈ తేదీ లోపల. కింద బిల్లు, కార్డు, ఫొటోల నకళ్లు. విశేషణాలు వద్దు. ఇది కౌంటర్‌కి కాదు, యజమానికి ఇవ్వండి. కంపెనీ గుర్తింపు ఉన్న సర్వీస్ సెంటర్ అయితే కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా పంపండి. అక్కడ ఫిర్యాదు నంబరు పడితే దాన్ని మూయించే బాధ్యత సర్వీస్ మేనేజర్ నెత్తిన పడుతుంది. అలాంటి నంబరున్న బండి లోపలికొస్తే మా దగ్గర అందరికంటే ముందు దాన్నే చూసేవాళ్లం, దాచడమెందుకు. ఆ తర్వాత మీ దగ్గరున్న వినియోగదారుల కమిషన్ (పాత పేరు ఫోరం) ఉండనే ఉంది. అక్కడ అడిగేదీ ఈ కాగితాలే. బ్యాంకు కార్డుతో డబ్బు కట్టి ఉంటే, చేయని పనికి బిల్లు వేశారని మీ బ్యాంకులో అభ్యంతరం చెప్పే వీలుందేమో కనుక్కోండి.

బిల్లు మీద గొడవ తేలకముందే బండి కావాల్సొస్తే? డబ్బు కట్టేదాకా బండి ఆపుకునే హక్కు చాలాచోట్ల షాపుకి ఉంటుంది. తాళం లాక్కుని వెళ్లిపోవడం లాంటి సాహసాలు చేయకండి. డబ్బు కట్టండి, కానీ సంతకం పక్కన "ఈ లైన్ మీద అభ్యంతరంతో చెల్లించాను" అని మీ చేత్తో రాసి, ఆ బిల్లు ఫొటో అక్కడే తీసుకోండి. "సంతృప్తి చెందాను" అని అచ్చేసిన కాగితం మీద సంతకం పెట్టమంటే ఆ మాట కొట్టేసి పెట్టండి.

ఆన్‌లైన్‌లో రివ్యూ రాయడం నాకు చివరి మెట్టు. మొదటే రాసేస్తే వాళ్లకి పోయేది పోయింది, ఇక మీ బండి చేయాల్సిన అవసరమేంటి? రాసినా తేదీ, పని, జరిగింది మాత్రమే రాయండి. మెకానిక్ పేరు రాయకండి. ఆ కుర్రాడికి రోజుకిన్ని బళ్లని లెక్క పెట్టి తరిమేది పైవాళ్లు.

ఒకే లక్షణానికి ఒకే షాపు రెండుసార్లు ప్రయత్నించి విఫలమైతే మార్చేయండి, మూడోసారి అదృష్టం కోసం చూడొద్దు. కొత్త చోటు వెతికేటప్పుడు నేను చూసేవి రెండు. బోల్టులు బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించారో చూపించే పానా) బయటికి తీస్తారా లేదా, "అర్థం కావడం లేదు, ఓ రోజు ఉంచండి" అని చెప్పగలిగే మెకానిక్ ఉన్నాడా లేదా. బండి చూడకుండానే కారణం చెప్పేసేవాడి దగ్గర్నుంచి వచ్చేయండి.

కొత్త షాపుకి మొదటిసారే ఇంజన్ పని అప్పగించకండి. పాత బిల్లులన్నీ పట్టుకెళ్లి ఆయిల్ మార్పు ఒక్కటే ఇవ్వండి. తీసుకునేటప్పుడు డ్రెయిన్ బోల్ట్‌కి కొత్త వాషర్ వేశారా అని అడగండి. వేశామంటే, నలిగిన పాతది చూపించమనండి.